బయాలజీ మేడమ్ గారి కెమెరా

"చెల్లికి చూపు లేదు కదమ్మా," అన్నారు మేడమ్ గారి అక్కగారు. "పదిహేనేళ్ల పైమాటే. మీకు తెలీకపోవడమేంటి, పక్క బల్లే కదా మీది?"

నేను భీమవరం వెళ్లింది పరామర్శకి. ముందురోజు పొద్దున్నే మా స్కూలు టీచర్ల వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. రెండేళ్ల కిందట రిటైరైన బయాలజీ మేడమ్ గారు నిద్రలోనే పోయారని. వరసగా అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. నేనూ ఒకటి పెట్టాను. నిజం చెప్పాలంటే నాకు బాధ కలగలేదు. పదకొండేళ్లు ఒకే స్టాఫ్‌రూములో కూర్చున్నాం, వెళ్లకపోతే బాగుండదని బస్సెక్కాను. పది నిమిషాలు కూర్చుని, రెండు మంచి మాటలు చెప్పి, మధ్యాహ్నం బస్సుకి తిరిగి వచ్చేద్దామనుకున్నాను.

"ఎవరికండీ?" అన్నాను. ఇంకో చెల్లెలి సంగతేమో అనుకున్నాను.

"ఇంకెవరికమ్మా. పోయినదానికే."

రేచీకటితో మొదలైందట. అప్పటికి ఆవిడకి నలభై దాటలేదు. తర్వాత పక్కచూపు పోయిందట. ఒక తాటాకుని సన్నటి గొట్టంలా చుట్టి, అందులోంచి లోకాన్ని చూస్తే ఎంత కనబడుతుందో అంత మిగిలిందట. ఆ మిగిలింది కూడా ఏటికేడాది మసకబారుతూ వచ్చిందట.

"మరి పేపర్లు దిద్దేవారు కదండీ?" అన్నాను. అదేదో నేను అబద్ధమని నిరూపించి తీరాలన్నట్టు అడిగాను.

"నేను చదివి వినిపించేదాన్ని. మార్కులెన్ని వెయ్యాలో అది చెప్పేది."

"పాఠాలు?"

"పాఠాలకి కళ్లెందుకమ్మా? పాతికేళ్లు చెప్పినవేగా."

"మరి ఆ కెమెరా?"

ఆ ప్రశ్న అడిగింది నేను కాదు, నా నోరు.

"దాంతోనే కదమ్మా అది చూసేది," అన్నారు అక్కగారు.

*

ఆవిడ మా స్కూలుకి జంగారెడ్డిగూడెం అవతల ఏదో ఊరి నుంచి బదిలీ మీద వచ్చారు. అప్పటికి నేను అక్కడ తెలుగు టీచరుగా చేరి రెండేళ్లయింది. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్కగారితో కలిసి కాలవ గట్టున ఒక అద్దె ఇంట్లో దిగారు. పుట్టింటివాళ్లకి భీమవరం దగ్గర భూములూ, చేపల చెరువులూ ఉన్నాయి. మా ఇల్లు పేటలో, లూథరన్ చర్చి పక్కన. మా అమ్మమ్మ రోజుల్లో అలాంటి ఇళ్లవాళ్లు మాకు మంచినీళ్లు ఇవ్వాలంటే పైనుంచి దోసిట్లోకి పోసేవారు. ఆ మాట అమ్మమ్మ నవ్వుతూ చెప్పేది, మేము మాత్రం నవ్వకుండా వినేవాళ్లం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొదటిరోజే ఆవిడకీ నాకూ మధ్య ఒక టీ గ్లాసు వచ్చి నిలబడింది.

కొత్తగా వచ్చిన మనిషి కదా అని నేనే గ్లాసు తీసుకెళ్లి, ఆవిడ కుడిపక్కన నిలబడి, "తీసుకోండి మేడమ్" అన్నాను. ఆవిడ చెయ్యి చాపలేదు. నా వైపు తిరగను కూడా లేదు. గ్లాసు వేళ్లు కాలుస్తోంది. "టీ అండి," అన్నాను మళ్లీ. "బల్ల మీద పెట్టండమ్మా, తీసుకుంటాను," అన్నారు కిటికీ వైపే చూస్తూ.

పెట్టాను. కాలిన వేళ్లు చీరకొంగులో దాచుకుని నా కుర్చీలోకి వచ్చాను. నా చేత్తో ఇచ్చింది ఆవిడకి పనికిరాదన్న సంగతి అర్థమైపోయిందనుకున్నాను. హెడ్మాస్టరు గారు చాపిన రిజిస్టరు కూడా ఆవిడ చేత్తో అందుకోరని తర్వాత తర్వాత గమనించాను. గమనించాను గానీ మనసులోకి తీసుకోలేదు. అలాంటి చేతుల్ని నేను జీవితంలో చాలా చూశాను. అందుకే ఈ చేతుల్ని మళ్లీ పరీక్షగా చూడాలని నాకు తోచలేదు.

ఆవిడని తలుచుకుంటే మొదట గుర్తొచ్చేది కుడిచేతి బొటనవేలు. మణికట్టుకి నల్లతాడుతో వేలాడే వెండిరంగు డిజిటల్ కెమెరా ఒకటి ఉండేది ఆవిడకి. అరచేతిలో పట్టేంత. మూలల్లో రంగు ఊడి లోపలి నలుపు కనబడేది. దాని నెత్తిన గుండ్రటి డయలు. బొటనవేలితో ఆ డయలుని తిప్పుతుంటే టిక్, టిక్ మని చప్పుడు వచ్చేది. ఎస్ సి ఎన్ అని, అంటే సీన్లని, రాసున్న చోట ఆపి, అప్పుడు వెనకనున్న బాణం మీట నొక్కడం మొదలుపెట్టేవారు. నొక్కుతున్నంతసేపూ పెదాలు కదిలేవి. చిన్నపిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు, "ఒకటి మనుషులు, రెండు ప్రకృతి, మూడు ఆటలు, నాలుగు కొవ్వొత్తి, ఐదు రాత్రి, ఆరు సూర్యాస్తమయం, ఏడు మంచు, ఎనిమిది బాణసంచా."

ఆ సీన్ల పేర్లన్నీ ఆవిడ పెట్టుకున్నవే. కెమెరాలో ఇంగ్లీషులో ఉండేవి.

ఊళ్లో అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాక కూడా ఆవిడ దాన్ని వదల్లేదు. "ఫోనుని ముట్టుకుంటే ఏం తెలుస్తుందండీ? అంతా నున్నగా ఉంటుంది," అనేవారు. అందరం నవ్వేవాళ్లం. ఫోనులో ముట్టుకుని తెలుసుకోవాల్సిందేముందని.

అప్పటికింకా మామూలుగా మాట్లాడుకుంటున్న రోజుల్లో నేనొకసారి అడిగాను. "ఆటోలో పెట్టేస్తే అదే చూసుకుంటుంది కదా మేడమ్, ఈ లెక్కంతా ఎందుకండీ?"

"చూసుకుంటుందండీ. కానీ దానికి తోచింది చూస్తుంది. మనకేం కావాలో మనమే ముందు చెప్పుకోవాలి," అన్నారు.

ఇంకో విచిత్రం ఏంటంటే, ఆవిడ ఫొటో తీసేవారు కాదు. డయలు తిప్పి, కెమెరాని మొహానికి జానెడు దూరంలో పట్టుకుని, వెనకనున్న ఆ చిన్న తెరలోకి చూసేవారు. మెల్లగా ఇటు నుంచి అటు తిప్పేవారు. తర్వాత దించేసేవారు. మీట నొక్కిన చప్పుడే వినబడేది కాదు. "తియ్యరేంటండీ?" అని మా డ్రిల్లు మాస్టారు అడిగితే, "చూసుకున్నాను కదండీ, చాలు," అనేవారు. ఆయన ఆవిడకి ఫొటో తీయని ఫొటోగ్రాఫరని పేరు పెట్టారు.

వానాకాలంలో కరెంటు పోతే మా స్టాఫ్‌రూము గుహలా ఉండేది. ఒక్కటే కిటికీ. ఆవిడ తలుపు దగ్గరే ఆగి, పెదాలు కదిలించి, ఏడు దగ్గర ఆపి, కెమెరా ఎత్తి గదంతా ఒకసారి చూసి అప్పుడు లోపలికి అడుగుపెట్టేవారు. "మంచు మోడేంటండీ మేడమ్?" అని హెడ్మాస్టరు గారు ఎగతాళి చేసేవారు. "మన జిల్లాలో మంచు కనబడేది ఐసు ఫ్యాక్టరీలోనేనండి."

"పడినప్పుడు చూద్దాంలెండి," అని నవ్వి కూర్చునేవారు.

మంచు మోడు పెడితే తెరలో చీకటి గది కూడా తెల్లగా వెలుగుతుందట. ఇది అక్కగారు చెబితే తెలిసింది. ఆవిడ మమ్మల్ని అలా వెలిగించుకుని, ఎవరి కుర్చీ ఎక్కడుందో, ఎవరి సంచీ దారికి అడ్డంగా ఉందో చూసుకునేవారన్నమాట. మొహాలు దగ్గరికొస్తే ఆవిడకి మొత్తంగా కనబడేవి కావట. ఒకసారి ముక్కు, ఒకసారి చెవి. ఆ చిన్న తెరలోకి కుదిస్తేనే మనిషి మనిషిలా కనబడేది.

మాకు ఇవన్నీ పొగరుగా కనబడ్డాయి. అందరికంటే ముందు స్కూలుకొచ్చేసేవారు. ప్రహరీగోడకి చెయ్యి ఆనించి, సున్నం సరిగ్గా వేశారో లేదో పరీక్షిస్తున్నట్టు నడిచేవారు. సాయంత్రం జరిగే ఏ ఫంక్షనుకీ ఉండేవారు కాదు. ఎదురుపడి నమస్కారం పెడితే ఒక్కోసారి బదులు పలికేవారు కాదు. క్లాసులో పిల్లలు చోట్లు మారకూడదు. బల్లల మధ్య దారిలో పుస్తకాల సంచీ ఉండకూడదు. ఆవిడ క్లాసు పిల్లలు సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. ఎంత క్రమశిక్షణో అనుకునేదాన్ని.

పాఠం మాత్రం బాగా చెప్పేవారు. ఆకుని వేళ్ల మధ్య పెట్టుకుని ఈనెల్ని తడుముతూ, "తొందర పడకండర్రా, అదెక్కడికీ పారిపోదు," అనేవారు. అది నేను వరండాలోంచి చాలాసార్లు విన్నాను.

*

ఆవిడ వచ్చిన ఆరేళ్లకి జరిగింది కాలవ సంగతి.

మా స్కూలు ముందు రోడ్డు, రోడ్డు దాటితే కాలవ గట్టు. అది వరినాట్లయిపోయిన కాలం, కాలవ నిండా గోదావరి ఎర్రనీళ్లు. పొలాల్లోకి నీరు పోయే తూము దగ్గర గుర్రపుడెక్క పచ్చటి పరుపులా పేరుకుని ఉంది. స్కూల్లో మధ్యాహ్నభోజనం వండే సువార్త మా సంఘంలో మనిషే. ఆ రోజు భోజనాలయ్యాక రేవులో గిన్నెలు తోముతోంది. ఆరేళ్ల కూతురు దీవెన మెట్ల మీద ఆడుకుంటోంది. సువార్త ఒక డేగిసా ఎత్తుకుని వంటగదిలో పెట్టిరావడానికి వెళ్లింది. ఆ కాస్త వ్యవధిలోనే పిల్ల జారిపోయింది.

మేడమ్ అప్పుడు గట్టు మీదే ఉన్నారు. తొమ్మిదో తరగతి వాళ్లకి గుర్రపుడెక్క చూపించడానికి తీసుకెళ్లి, బెల్లు కొట్టగానే పిల్లల్ని పంపించేసి, ఆవిడ వెనకబడ్డారు. "పిల్ల పడింది! పిల్ల!" అని అరిచింది ఆవిడే. ఆ అరుపుకే నేను మేడ మీద క్లాసు వదిలేసి వరండాలోకి వచ్చాను. అక్కణ్ణుంచి గట్టంతా కనబడుతుంది.

నేను చూసింది ఇది. సువార్త గుండెలు బాదుకుంటూ పరిగెత్తుతోంది. స్కూలు గోడ పనికొచ్చిన సువార్త తమ్ముడు ప్రసాదు తాపీ పారేసి కాలవలోకి దూకాడు. చుట్టుపక్కల జనం కేకలు పెడుతూ వస్తున్నారు. ఇంతమంది మధ్య బయాలజీ మేడమ్ గట్టు అంచున కదలకుండా నిలబడి ఉన్నారు. రెండు చేతుల్తో కెమెరా పట్టుకున్నారు. బొటనవేలు డయలు మీద ఉంది. మీట నొక్కుతున్నారు. కాలవ మీదుగా కెమెరాని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతున్నారు.

నా కళ్లని నేను నమ్మలేకపోయాను.

ప్రసాదు రెండుసార్లు ఖాళీ చేతుల్తో పైకి తేలాడు. మేడమ్ ఏదో అరుస్తున్నారు. అంత గోలలో నాకు మాటలు వినబడలేదు. మూడోసారి ప్రసాదు రేవు వదిలేసి తూము వైపు ఈదాడు. డెక్క కింద దూరి, పిల్లని భుజాన వేసుకుని లేచాడు. గట్టు మీద పడుకోబెట్టారు. పిల్ల ఒళ్లు నీలంగా ఉంది. మా డ్రిల్లు మాస్టారు రొమ్ము నొక్కుతూ, నోట్లో నోరు పెట్టి ఊదుతున్నారు.

అప్పుడు గుంపులో ఎవరో మేడమ్ చేతిలోంచి కెమెరా లాక్కున్నారు. తాడు తెగింది. దాన్ని గడ్డిలోకి విసిరికొట్టారు.

మేడమ్ మోకాళ్ల మీద కూలబడ్డారు. పిల్లకోసమని అనుకున్నాను. కాదు. ఆవిడ రెండు చేతుల్తోనూ గడ్డిలో కెమెరా కోసం తడుముకుంటున్నారు. నాలుగడుగుల దూరంలో ఒక పసిప్రాణం ఉంటుందో పోతుందో తెలియకుండా ఉంటే, ఈవిడ వస్తువు వెతుక్కుంటోంది. తర్వాత ఈ సంగతి ఎంతమందికి చెప్పానో. "కెమెరా కోసం తడుముకుంటోందండీ" అనే చెప్పాను ప్రతివాళ్లకీ. ఇరవై ఏళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్నదాన్ని, నేను వాడిన ఆ మాటకి అర్థమేంటో నా చెవికే వినబడలేదు.

నేను మెట్లు దిగి గట్టు మీదికి చేరేసరికి పిల్ల దగ్గింది. నీళ్లు కక్కింది. ఆటోలో తణుకు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆటో ఎక్కబోతూ సువార్త వెనక్కి వచ్చి, గుప్పెడు బురద తీసి మేడమ్ మొహాన కొట్టింది. ఆవిడ తుడుచుకోలేదు. "బతికిందా అమ్మా? బతికిందా?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్న కూడా సువార్త వైపు తిరిగి కాదు, ఇంకెటో తిరిగి అడిగారు.

మర్నాడు పేట పెద్దలు స్కూలుకొచ్చి హెడ్మాస్టరు గారిని నిలదీశారు. ఆవిడ ఏమీ చెప్పుకోలేదు. వాళ్లు వెళ్లాక నేను లేచాను. స్టాఫ్‌రూములో అందరూ ఉన్నారు.

"పసిపిల్ల మునిగిపోతుంటే ఫొటోలు తీసుకునే మనిషి, పిల్లలకి ప్రాణుల పాఠం ఏ మొహంతో చెబుతారండీ?" అన్నాను. "అదే మీ ఇళ్లలో పిల్లయితే కూడా అలాగే తీస్తూ నిలబడేవారా?"

ఆవిడ నెమ్మదిగా అన్నారు. "మీరన్నది నిజమేనండి. ఇంకాస్త ముందే పట్టుకోవాల్సింది. కంగారులో రెండు సీన్లు దాటి పోయి, మళ్లీ వెనక్కి రావాల్సొచ్చింది."

రెండు సీన్లు! చావుబతుకుల దగ్గర కూడా సీన్ల లెక్కే. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకెప్పుడూ ఆ కెమెరా నా వైపు తిప్పకండి," అన్నాను.

"అలాగేనండి," అన్నారు.

మాట నిలబెట్టుకున్నారు. తర్వాత ఐదేళ్లు పక్కపక్క బల్లల్లోనే కూర్చున్నాం. అటెండెన్సు రిజిస్టరు గురించి తప్ప నేను ఆవిడతో ఒక్క ముక్క మాట్లాడలేదు. రిటైర్మెంటు రోజున అందరూ శాలువాలు కప్పుతుంటే నాకు తలనొప్పిగా ఉందని ఇంటికి వెళ్లిపోయాను.

*

అక్కగారు లోపలికెళ్లి కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టారు. "మొన్న ఆదివారం ఛార్జింగు పెట్టాను. రోజూ పొద్దున్నే అదే నా పని," అన్నారు.

దాన్ని పట్టుకోవడం అదే మొదటిసారి. తెగిన తాడుని ముడివేసిన చోట నల్లదారంతో కుట్టి ఉంది. ఆన్ చేశాను. లోపల ఫొటోలు ఎక్కువ లేవు. ఉన్నవన్నీ చెయ్యి తగిలి పొరపాటున పడినవే. పైకప్పు, చీర కుచ్చెళ్లు, నల్లబల్ల మూల, ఎవరిదో మోచెయ్యి. ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్తుంటే కాలవ వచ్చింది.

తెరనిండా గుర్రపుడెక్క. నీళ్లూ, ఆకులూ, అవతలి గట్టూ, అన్నిటి మీదా సాయంకాలపు నారింజరంగు పరుచుకుని ఉంది. కానీ తూము గోడ నీడ దాని కాళ్ల దగ్గరే ఉంది. అది మిట్టమధ్యాహ్నం పడే నీడ. ఆ ఆకుల సందులో, తూము గోడకి ఆనుకుని, గోరంత ఎర్రటి మచ్చ. మీట నొక్కి పెద్దది చేశాను. గౌను అంచు.

"ఇది..." అన్నాను.

"ఆరో నంబరంటమ్మా. సూర్యాస్తమయం. అది పెడితే ఎరుపు పైకి తేలుతుందంట," అన్నారు అక్కగారు. "పిల్ల పొద్దున్న తన దగ్గరికొచ్చి, ఎర్రగౌను వేసుకున్నానని చెప్పిందంట. నీళ్ల మీద ఎండ మెరుస్తుంటే దానికి ఉత్తకళ్లతో తెలుపు తప్ప ఏమీ కనబడేది కాదు. చప్పుడు వినగానే కెమెరా ఎత్తిందంట. చేతులు వణికి ఎనిమిది దాకా పోయిందంట. మళ్లీ వెనక్కి నొక్కుకుంటూ ఆరుకొచ్చి వెతికిందంట."

"ఆ మాట ఎందుకు చెప్పలేదండీ ఎవరికీ?"

"నేనూ పోట్లాడానమ్మా. మొహమంతా బురదతో ఇంటికొచ్చి, 'అక్కా, పిల్ల బతికింది' అని అంతే అంది. చెప్పవే అన్నాను. చెబితే బళ్లో ఉండనివ్వరంది. కళ్లు లేనిదాన్ని పిల్లల మధ్య ఎందుకుంచుతారు అంది. ఇంకో ఐదేళ్లు పిల్లల గొంతులు విననియ్యి అంది. అంతకంటే నేనేం అనను?"

కెమెరా ఆవిడ ఒళ్లో పెట్టేసి లేచాను. చెప్పులేసుకున్నానో లేదో నాకు గుర్తులేదు. బస్టాండు దాకా వచ్చాక చూసుకుంటే కాళ్లకే ఉన్నాయి.

*

ఇంటికి వెళ్లలేదు. బస్సు దిగి తిన్నగా పేటలో సువార్త ఇంటికి వెళ్లాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. సువార్తకి ఇది నేనే చెప్పాలి. నీ కూతుర్ని ఆవిడే బతికించిందని, మనం బురద కొట్టింది గుడ్డిమనిషి మొహానని. ఎలా మొదలుపెట్టాలో మాటలు కూర్చుకుంటూ వెళ్లాను. ఆ మాట వినగానే ఆ మనిషి ఏమైపోతుందోనని భయపడ్డాను కూడా.

సువార్త అరుగు మీద కూర్చుని చేపలు బాగుచేస్తోంది. నన్ను చూసి కత్తిపీట పక్కకి జరిపి లేచింది. "బీవరం వెళ్లొచ్చారాండీ? నేనూ దీవెనా రేపెళ్దామనుకుంటున్నామండి," అంది. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

"నీకో సంగతి చెప్పాలి సువార్తా. ఆవిడకి కళ్లు..."

"తెలుసండి," అంది.

నేను అరుగు చివర కూర్చున్నాను.

"ఆసుపత్రిలోనే చెప్పాడండి మా ప్రసాదు. 'అక్కా, నీళ్లలోంచి తల ఎత్తినప్పుడల్లా ఆవిడ గొంతే వినపడింది. ఎడంపక్కకి, ఇంకా ఎడంపక్కకి, తూము దగ్గర డెక్క కింద ఎర్రగా ఉంది అని. ఆవిడ చెప్పకపోతే నేను రేవులోనే ముణిగేవోణ్ణి' అన్నాడండి. ఆడు ఆ నెల్లోనే పోలవరం పనుల్లోకెళ్లిపోయాడు. నేను పిల్లనేసుకుని మేడమ్ గారింటికెళ్లి కాళ్ల మీద పడ్డాను. లెమ్మన్నారు. పిల్లని కిటికీ కాడ నించోబెట్టమన్నారు. ఆ కెమెరా తిప్పుకుని శానాసేపు చూశారండి. 'నీ పోలికే సువార్తా' అన్నారు. ఈలోగా పిల్ల ఇటుపక్కకొచ్చేసింది. ఆవిడ ఇంకా కిటికీ వైపే చూస్తా దాంతో మాట్లాడతన్నారు. అప్పుడర్థమైందండి నాకు."

"మరి నాకెందుకు చెప్పలేదే? ఆదివారం ఆదివారం ఒకే చర్చిలో కూర్చుంటాం కదే!"

"పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నారండి. ప్రసాదుని కూడా ఎవరితో అనొద్దన్నారు. మీకు మాత్రం అసలే చెప్పొద్దన్నారు."

"నాకు మాత్రమేంటి?"

"'తెలుగు టీచరు గారికి తెలిస్తే జాలి పడతారు. కోప్పడే మనిషి పక్కన ఎన్నేళ్లయినా కూర్చోగలను గానీ, జాలిపడే మనిషి పక్కన ఒక్కరోజు కూర్చోలేను' అన్నారండి."

లోపలినుంచి దీవెన వచ్చి గుమ్మంలో నిలబడింది. పదమూడేళ్ల పిల్ల, నా ఎనిమిదో తరగతి క్లాసులో రెండో బల్ల. నన్ను చూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

సువార్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కానీ రోజూ అడిగేవారండి మీ గురించి," అంది.

"నా గురించా?"

"మద్దేనం స్టాఫ్‌రూముకి అన్నం పట్టుకెళ్లి పెట్టేదాన్ని కదండీ. అప్పుడు మెల్లిగా అడిగేవారు. 'సువార్తా, తెలుగు టీచరు గారి మొహం ఇవాళ ఎలా ఉందమ్మా? కోపం ఏమైనా తగ్గిందా?' అని."

"నువ్వేం చెప్పేదానివి?"

సువార్త తల దించుకుంది. "అబద్ధం ఆడేదాన్నండి. 'నవ్వుతా ఉన్నారండి' అనేదాన్ని. 'ఎవరి వైపమ్మా?' అనేవారు. 'మీ వైపేనండి' అనేదాన్ని. అప్పుడావిడ మీ వైపు తిరిగి తనూ నవ్వేవారండి."

ఆ నవ్వు నేను చూశాను. ఐదేళ్ల పాటు, ప్రతి మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చుని ఆవిడ ఉన్నట్టుండి నా వైపు తిరిగి నవ్వేవారు. వెక్కిరిస్తోందనుకుని ప్రతిసారీ మొహం తిప్పుకున్నాను.